సబ్బుడబ్బా స్విచ్చి

ఎల్లారెడ్డిలో ఎవరికి శాలువా కప్పాలన్నా సన్మానపత్రం దేవరాజే రాయాలి. ఊరంతా తిట్టుకునే మనిషిని కూడా అపర కర్ణుణ్ని చేసి పంపేవాడు. రాసేది మాత్రం, ఎప్పుడో దుబాయి నుంచి వచ్చినవాడి దగ్గర కొన్న పాత కంప్యూటర్ మీద. తెలుగు అక్షరాలను చుక్క చుక్కగా తానే గీసి అందులోకి ఎక్కించుకున్నాడు. కొత్తది కొనమంటే "నా అక్షరాలు అండ్ల రావు" అనేవాడు.

దానికి రెండు తెరలు. నలుపు తెలుపు తెర మీద అక్షరాలు స్పష్టంగా కనిపిస్తాయి, అది ఆయనకు. రంగుల తెర ఆయన భార్య లక్ష్మీనర్సమ్మది. వంట కాగానే ఇటుకలు పగలగొట్టే ఆట ఆడకపోతే ఆమెకు అన్నం సహించదు. తెర వైరు పెట్టే చోటు మాత్రం ఒక్కటే. మార్చాల్సినప్పుడల్లా దేవరాజ్ బల్ల కిందికి దూరాలి.

ఒకరోజు అట్లా దూరి ఉండగా వడ్ల మిల్లు ఎంకయ్య వచ్చాడు. కామారెడ్డిలో వ్యాపారులు ఆయనకు సన్మానం చేస్తున్నారు, పత్రం కావాలి. ముందుగా ఆయనకు దర్శనమిచ్చింది దేవరాజ్ వెనుకభాగం.

"ఏంది సారూ, నమస్తే ఎటు దిక్కు పెట్టాలె?"

లక్ష్మీనర్సమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. దేవరాజ్‌కు తల కొట్టేసినట్టయింది. మర్నాడే కామారెడ్డి బస్సెక్కి, గౌస్ రేడియో దుకాణంలో ఒక స్విచ్చి, మూరెడు వైరు కొన్నాడు. కాల్చిన మేకుతో సబ్బుడబ్బాకు బొక్క పెట్టి స్విచ్చి బిగించాడు, వేళ్లు కాల్చుకుంటూ తీగలు అతికించాడు. పైకి నొక్కితే నలుపు తెలుపు, కిందికి నొక్కితే రంగులు.

"సూసినవానే? గిప్పుడు వంగే పని లేదు."

"సూసిన. నొక్కినప్పుడల్లా కంప్యూటర్ మళ్ల మొదటికెల్లి లేస్తున్నది గదా?"

"తెర మారితే గట్లనే లేస్తది. ఏం గాదు."

సన్మానానికి ముందురోజు ఎంకయ్య పత్రం చూడటానికి వచ్చాడు. దేవరాజ్ ఆఖరి వాక్యం రాస్తున్నాడు. ఎంకయ్య మొహం చిట్లించాడు.

"నా జీవితం నలుపు తెలుపుల మంచిగ లేదు సారూ. రంగుల్ల సూపియ్యి."

స్విచ్చి చూపించే అవకాశం దొరికిందని దేవరాజ్ పొంగిపోయి టక్కున నొక్కాడు. కంప్యూటర్ ఒకసారి ఆరిపోయి మళ్లీ లేచింది. దాచుకోని పత్రం గంగలో కలిసింది. రంగుల తెర నిండా లక్ష్మీనర్సమ్మ ఆటలోని ఇటుకలు పరుచుకున్నాయి.

"గివేంది?"

"నీ జీవితమే తమ్ముడూ," అంది లక్ష్మీనర్సమ్మ. "పగలగొట్టు."

మళ్లీ రాసే ఓపిక దేవరాజ్‌కు లేకపోయింది. రిటైరైన ఒక హెడ్మాస్టరు పాత పత్రం తీసి, పేరు మార్చి అచ్చు తీశాడు. మర్నాడు వేదిక మీద చదవడం మొదలుపెట్టాకే, పేరు తప్ప ఇంకేమీ మార్చలేదని ఆయనకు గుర్తొచ్చింది.

"వేలాదిమంది విద్యార్థులకు అక్షరభిక్ష పెట్టిన ఎంకయ్య గారు, బెత్తం పట్టకుండానే లెక్కలు నేర్పి..."

"తూకంల నేర్పిండు!" అని వెనుక నుంచి ఎవరో అరిచారు. సభ గొల్లుమంది. అందరికన్నా గట్టిగా నవ్వింది లక్ష్మీనర్సమ్మే. దేవరాజ్ మాత్రం చెమటలు కక్కుతూ చివరిదాకా చదివాడు.

ఎంకయ్య నవ్వలేదు. వేదిక దిగాక దేవరాజ్ చెయ్యి పట్టుకున్నాడు.

"బడి ఎగ్గొట్టినోణ్ని నేను. మా బాపు సచ్చేదాంక తిట్టిండు. నువ్వు నన్ను పంతుల్ని చేసినవు సారూ. ఒక్క ముక్క మార్చకు."

ఆయన కళ్లలో నీళ్లు చూసి లక్ష్మీనర్సమ్మకు నవ్వు ఆగిపోయింది. కాసేపే.

ఇప్పుడా పత్రం అద్దం కట్టుకుని మిల్లులో వేలాడుతోంది. చదువు వచ్చిన రైతు ఎవరొచ్చినా ఎంకయ్య మొదట అది పైకి చదివించుకుని, ఆ తరవాతే వడ్లు తూకం వేయిస్తాడు.