మాయ పడే దాకా

చన్ను మొన మీద పసుపు చుక్క.

చిక్కటి ముర్రుపాల చుక్క — వేలాడుతోంది, రాలడం లేదు.

పొద్దున్నే కాజీపల్లిలో ముత్యమ్మ బర్రె ఈనింది. ఆడదుడ్డె. తడి ఆరకముందే లేచింది. కాళ్లు వణుకుతున్నా మూతి పొదుగు కోసమే వెతికింది.

ముత్యమ్మ దాన్ని ఎత్తుకుపోయి ఎదురుగా గుంజకు కట్టేసింది. ముద్దు పెట్టి మరీ కట్టేసింది.

బర్రె కడుపులోంచి మాయ పడాలి. పడకముందు తాపితే తల్లికి కీడు... అత్త చెప్పింది. అత్తకు ఆమె అత్త చెప్పింది.

మందుల ఫ్యాక్టరీల వైపు నుంచి పుల్లటి గాలి. దుడ్డె అరుస్తోంది. బర్రె తాడు తెంపుకునేలా గింజుకుంటోంది.

మాయ పడలేదు.

నిండు నెలల కోడలు సుమిత్ర ఒకటికి రెండుసార్లు అడిగింది, జెరన్ని పాలు తాపుదామని. బర్రెలతోనే తల నెరిసినదాన్ని, నాకు చెప్పొచ్చావా అని ముత్యమ్మ కసిరింది.

మధ్యాహ్నం. దుడ్డె గొంతు సన్నబడింది. పసుపు చుక్క — వేలాడుతోంది.

మాయ పడలేదు.

దీపాలు పెట్టే వేళకు పడింది. అప్పుడు విప్పింది. దుడ్డె కడుపారా తాగింది. ముత్యమ్మకు ప్రాణం లేచొచ్చింది. మిగిలిన పాలతో జున్ను వండి వాడంతా పంచింది.

మూడోనాటికి దుడ్డె తెల్లగా విరేచనాలు పారుకుంది. ఇక లేవలేదు.

పశువుల డాక్టర్ రెప్ప ఎత్తి చూశాడు. ఎప్పుడు తాపావని అడిగాడు. చెప్పింది. ఆయన రెప్ప వదిలేసి లేచాడు.

"పుట్టంగనే పేగు పొర తెరిచి ఉంటదమ్మా. ముర్రుపాల బలం అండ్లకెల్లే నెత్తురుల కలవాలె. పుట్టేటప్పుడు ఒంట్ల ఊరే హార్మోన్లే ఆ పొరను ముదురబెడ్తయి. గంట గంటకు మూసుకుంటది. నువ్వు తాపేటాల్లకు..."

దుడ్డె చీకి ఉంటే తల్లిలో ఇంకో హార్మోన్ ఊరి మాయ కూడా తొందరగా పడేదని, వెళ్తూ వెళ్తూ చెప్పాడు.

హార్మోన్.

సుమిత్ర ప్యాకింగ్‌కు పోయిన ఫ్యాక్టరీలో, డ్రమ్ముల్లో ఉండే పొడి పేరు అదని ముత్యమ్మ అనుకునేది. తాను కట్టిన తాడు కొసన, అంత చిన్న కడుపులో, అదే తలుపు మూస్తూ వచ్చిందని ఆ రోజు ఆమెకేం తెలుసు?

తెలియదు. అయినా గుండె కాలిపోతోంది.

దుడ్డెను చేను గట్టున పూడ్చి వచ్చారు. సుమిత్ర గడప మీద కూర్చుంది, కడుపు మీద చెయ్యి వేసుకుని.

"అత్తా, నా పిల్లకు ఎప్పుడు తాపుదాం?"

ముత్యమ్మ నోరు తెరిచింది.

తన తొలిచూలు ఆడపిల్ల గుర్తొచ్చింది. మూడు రోజులు ముర్రుపాలు పిండించి మట్టిలో పోయించారు. అత్త చెప్పింది. అత్తకు ఆమె అత్త చెప్పింది. ఆ పిల్ల మెడ నిలపకుండానే పోయింది.

డాక్టర్ చెప్పింది దుడ్డె సంగతే. దుడ్డె సంగతే...

కొట్టంలో బర్రె మెడ తిప్పి ఖాళీ గుంజ వైపు అరిచింది. తాగే మూతి లేదు.

చన్ను మొన మీద చుక్క — వేలాడుతోంది.