వంటింటి నుంచి షెడ్డుకు వైరు

మా ఆవిడ మాట్లాడటం మానేసింది. నాతో పోట్లాడి కాదు. పోట్లాడితే ఇంకా ఎక్కువ మాట్లాడే మనిషి. చెవులు పోయాయి, అందుకు.

మా ఇంట్లో మాటలన్నీ తనవే. నేను వడ్రంగిని. పెరట్లో రేకుల షెడ్డు ఉంది. అందులో కుర్చీలూ బల్లలూ బాగుచేస్తుంటాను. మూడో తరగతిలో బడి మానేసి ఉలి పట్టాను, ఆ తర్వాత నోటితో నాకు అట్టే పని పడలేదు. "ఈయన్ని కూడా చెక్కతోనే చేసినట్టున్నారు" అని ఇంటికి వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. నేను కాదనేవాణ్ణి కాదు. తను వంటింట్లోంచి మాట్లాడుతుంటే నేను షెడ్డులో చిత్రిక పడుతూ వినేవాణ్ణి. నా వంతు మాటలు కూడా తనే అనేసేది. "కిటికీకి రంగు వేయిద్దామా? ఇప్పుడెందుకు అంటారు, నాకు తెలుసు" అని తనే అడిగి తనే జవాబు చెప్పుకునేది. నాకు హాయిగా ఉండేది.

చెవులు మెల్లమెల్లగా పోయాయి. చెవి మిషను పెట్టించాం. దాంతో గిన్నె చప్పుడు కూడా పిడుగులా పడుతుంది గాని మనిషి మాట మాత్రం తెలియదట. తీసి సొరుగులో పడేసింది. అప్పటికి ఇంకా మాట్లాడుతూనే ఉంది. ఒకరోజు బస్సులో నాకేదో చెబుతుంటే జనమంతా వెనక్కి తిరిగి చూశారు. తన గొంతు ఎంత పెద్దగా వస్తోందో తనకు తెలియదు. ముందు సీట్లో ఇద్దరు ఆడపిల్లలు చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వారు. అది చూసింది. బస్సు దిగినప్పటి నుంచి పెదవి విప్పలేదు.

ఇంట్లో ఉలుకూ పలుకూ లేదు. నా చిత్రిక చప్పుడు నాకే వినబడసాగింది.

మా వాడు లిఫ్టులు బాగుచేస్తాడు. వాళ్ళమ్మకి పలక కొనుక్కొచ్చాడు. అటూ ఇటూ తిప్పి చూసి మళ్ళీ వాడి చేతిలోనే పెట్టింది. ఫోన్లో రాయమన్నాం. ఆ అద్దం మీద వేలు ఒకచోట ఆనిస్తే అక్షరం ఇంకోచోట పడుతోంది. విసుగొచ్చి బోర్లించేసింది.

మా కోడలు పళ్ళు తయారుచేసే ల్యాబులో పనిచేస్తుంది. రోజంతా ఎవరి నోట్లోకో వెళ్ళే పళ్ళు చెక్కి వస్తుంది. ఇంటికొచ్చాక ఇంకో పిచ్చి. పాతకాలపు ఇంటి కంప్యూటర్లు ఎక్కడ పారేసినా ఏరుకొస్తుంది. చూడటానికి లావుపాటి కీబోర్డు, అంతే. టీవీకి తగిలిస్తే నడుస్తుంది. వాటికి కొత్త ప్రోగ్రాములు రాస్తుంది. ఎక్కడెక్కడో ఇలాంటి పిచ్చివాళ్ళు ఇంకా ఉన్నారట, ఒకరు రాసింది ఒకరికి పంపుకుంటారట.

"వీటివల్ల కాదన్న పని వీటిచేత చేయించాలి మావయ్యా. అదే సరదా" అనేది.

తెర మీద పెట్టెలు గీసేది. విండోలు అంటుంది వాటిని. ఒకదాని మీద ఒకటి పెట్టి, పైదాన్ని పక్కకి జరిపితే కిందది చెరిగిపోకుండా మళ్ళీ కనబడాలి. ఆ మిషన్ల బుర్ర బొత్తిగా చిన్నది కాబట్టి అంతమాత్రానికే వాటికి ముచ్చెమటలు పడతాయట.

మా ఆవిడ వయసులో ఉండగా అచ్చాఫీసులో పనిచేసింది. అక్కడ ఇలాంటి కీలున్న మిషను మీదే మన అక్షరాలు కూర్చేది. ఒక ఆదివారం కోడలు ఒక కంప్యూటరును తుడిచి బల్ల మీద పెట్టింది. మా ఆవిడ అటుగా వెళ్తూ ఆగి, కీల మీద చేతులు పెట్టింది. కరెంటు తగిలించలేదు, టీవీ లేదు. అయినా వేళ్ళు కిందికి చూడకుండానే టకటకా ఏదో కొట్టేశాయి. ఏం కొట్టిందో మాకు తెలియదు. తర్వాత చేతులు చీరకి తుడుచుకుని వెళ్ళిపోయింది.

కోడలు నా వైపు తిరిగింది. "మావయ్యా, వంటింట్లో ఒకటి, షెడ్డులో ఒకటి పెట్టి రెంటికీ వైరు కలిపితే?"

తల గోక్కున్నాను.

"మీరు రాస్తారా మరి?"

"అక్షరాలు వచ్చు" అన్నాను.

"వస్తే చాలదు, రాయాలి. అత్తయ్య ఒక్కతే రాసుకుంటూ కూర్చుంటే దాన్ని మాట్లాడుకోవడం అనరు."

మొహం మీదే అనేసింది. అత్తకు తగ్గ కోడలు.

ఆ మిషన్లకు మన అక్షరాలు రావు. కోడలు ఒక్కో అక్షరాన్ని చిన్న గడిలో చుక్కలు పేర్చి తయారుచేసింది. ఒత్తులు పెడితే గడి చాలదు, చిన్నవి చేస్తే కనబడవు. పళ్ళు చెక్కే చెయ్యి కాబట్టి ఓపిక పట్టింది. మా ఆవిడ దాచుకున్న పాత కాగితం చూసి, అచ్చాఫీసులో ఏ కీకి ఏ అక్షరం ఉండేదో అలాగే పెట్టింది. వంటింటి కిటికీలోంచి పెరటి గోడ వెంబడి షెడ్డు దాకా నేనూ మా వాడూ మేకులు కొట్టి వైరు లాగాం. తెర మీద రెండు విండోలు. పైదాంట్లో మనం రాసేది, కిందిదాంట్లో అవతలి మనిషి రాసేది.

మా ఆవిణ్ణి ఒప్పించడానికి కోడలు ఏం చేసిందో తెలియదు. చివరికి మా ఆవిడ ఒక వేలు చూపించింది. ఒక్కసారే, మళ్ళీ అడగొద్దు అని.

ఆ ఒక్కసారీ చెడిపోయింది. తను కొట్టింది తన తెర మీద ఉంది. నేను కొట్టింది నా తెర మీద ఉంది. ఇక్కడిది అక్కడికి పోలేదు, అక్కడిది ఇక్కడికి రాలేదు. నేను వంటింటి గుమ్మం దాకా వచ్చి చూశాను. ఒళ్ళో చేతులు పెట్టుకుని ఖాళీ విండో వైపు చూస్తూ కూర్చుని ఉంది. కాసేపటికి లేచి, తువ్వాలు తెచ్చి టీవీ మీద కప్పేసింది. కోడలి వీపు నిమిరి పనిలో పడింది. కోప్పడినా బాగుండేది.

ఆ తర్వాత కోడలికి తిండి సహించలేదు. వైరు మార్చింది. ప్రోగ్రాము మొత్తం మళ్ళీ చదివింది. దేనికది విడిగా నడిపితే రెండూ బాగానే ఉన్నాయి.

"లిఫ్టు అయితే ఈపాటికి ఎక్కించి దించేసేవాణ్ణి" అన్నాడు మా వాడు.

"మీ లిఫ్టుకి పైకీ కిందకీ తప్ప ఏమొచ్చు?" అంది.

తర్వాతి సెలవురోజు మధ్యాహ్నం నేను షెడ్డులో కుర్చీ కాలికి చిత్రిక పడుతున్నాను. ఆ చప్పుడులోంచి, వంటింటి వైపు నుంచి, "ఏవండీ" అని వినబడింది.

నా చెయ్యి ఆగిపోయింది. మా ఆవిడ నన్ను పిలిచే పిలుపు అది. ఎన్నాళ్ళయిందో విని. చిత్రిక కింద పడేసి పరుగెత్తాను. చెప్పులు కూడా వేసుకోలేదు.

వంటింటి గుమ్మంలో మా వాడు కూడా అప్పుడే వచ్చి నిలబడ్డాడు. లోపల కోడలు మిషను విప్పుకుని కూర్చుని ఉంది. మా ఆవిడ మూలన గిన్నెలు సర్దుతోంది, మమ్మల్ని చూడనేలేదు.

"స్క్రూడ్రైవరు..." అని కోడలు మా వాడితో అనబోయి నన్ను చూసింది. నా ఒళ్ళంతా పొట్టు. కాళ్ళకు చెప్పులు లేవు. అర్థమైంది దానికి. మొహం చిన్నబోయింది.

"ఈయన్ని పిలిచాను మావయ్యా" అంది మెల్లగా.

"సరే" అన్నాను.

వెనక్కి తిరిగాను. మా వాడు వాతావరణం తేలిక చేద్దామని కాబోలు, "అమ్మ పిలిచినా ఏవండీయే, నువ్వు పిలిచినా ఏవండీయే. మేమేం చేస్తాం? ఇద్దరికీ చెరో నంబరు ఇవ్వండి" అన్నాడు.

కోడలు మా ఇద్దరి వంకా మార్చి మార్చి చూసింది. తర్వాత నుదురు కొట్టుకుంది.

"నా బుద్ధి తగలెయ్య. ప్రోగ్రాము ఉన్న ఒకే ఫ్లాపీని కాపీ చేసి రెంట్లో పెట్టాను. మిషను నంబరు ఆ ఫ్లాపీలోనే ఉంటుంది. రెంటికీ ఒకటే నంబరు పడింది. అవతలి నుంచి అక్షరం రాగానే ఆ నంబరు చూసి, ఇది నేను పంపిందే కదా అని పారేస్తోంది."

"నీ మిషన్లు కూడా మా ఇంటివే" అన్నాడు మా వాడు.

ఒకదానికి నంబరు మార్చడానికి ఎంతో సేపు పట్టలేదు. నన్ను షెడ్డుకు పంపింది. వంటింటి టీవీ వేసింది గాని దాని మీది తువ్వాలు మాత్రం తీయలేదు.

"నేను తీయను మావయ్యా. ఒక్కసారే అన్నారు కదా ఆవిడ. నేను మళ్ళీ అడగను. మీరు రాస్తూ ఉండండి. తీస్తే ఆవిడే తీయాలి."

షెడ్డులో కూర్చున్నాను. ఏం రాయాలో తెలియదు. ఒక్కో కీ వెతుక్కుంటూ, "నీ గొంతు లేక ఇల్లు" అని రాశాను. అక్కడ ఆగాను. ఇల్లు ఎలా ఉందో రాయబోతే చెవులు వేడెక్కాయి. ముసలివాణ్ణి, ఇవేం రాతలు అనిపించింది. ఒక్కో అక్షరం తుడిచేశాను. దాని బదులు "తిన్నావా" అని రాశాను. అది మామూలుగా అడగదగ్గ మాటే.

అవతల ఏం జరిగిందో కోడలు తర్వాత చెప్పింది. తువ్వాలు పల్చటిది. దాని వెనకాల వెలుగులో ఏదో మెదలడం మా ఆవిడ కంటబడింది. గిన్నె చేత్తోనే పట్టుకుని దగ్గరికొచ్చి, తువ్వాలు అంచు ఎత్తి చూసిందట. అంచు అలాగే పట్టుకుని చాలాసేపు నిలబడిందట. తర్వాత మొత్తం లాగేసి కూర్చుంది.

నా కింది విండోలో గబగబా అక్షరాలు పడ్డాయి.

"ఇల్లు ఏమైంది"

నాకు బుర్ర తిరిగింది. అది తుడిచేశాను కదా. తెర మీద "తిన్నావా" తప్ప ఏమీ లేదు. ఆ ప్రోగ్రాము నేను కీ నొక్కగానే ఆ అక్షరాన్ని అప్పటికప్పుడే పంపేస్తుందని, తుడవడం కూడా అవతల కనబడుతుందని అప్పుడు తెలిసింది. నేను తడబడిందంతా తను చూసింది.

కీల మీద వేలు పెట్టి తీశాను. మళ్ళీ పెట్టాను. ఏమీ కొట్టలేదు.

అప్పుడు పెరడంతా దద్దరిల్లేలా వినబడింది.

"ఏవండీ, అడిగినదానికి చెప్పండి. ఇల్లు ఏమైంది?"

పక్కింటివాళ్ళు కిటికీ తెరిచారు. తెరవనీ. మా వాడు వంటింటి గుమ్మంలోంచి తల బయటపెట్టి, "నాన్నా, ఈసారి మీకే" అన్నాడు.

లేవబోయి, మళ్ళీ కూర్చున్నాను. వెళ్ళినా నా మాట తనకు వినబడదు. ఒక్కో కీ వెతికి, "బోసిపోయింది" అని రాశాను. తుడవలేదు.

కింది విండోలో "పో కాదు, బో. బోసిపోయింది అనాలి... సరిగ్గానే రాశారు, నేనే కళ్ళజోడు పెట్టుకోలేదు" అని వచ్చింది. అచ్చాఫీసు బుద్ధి ఎక్కడికి పోతుంది.

ఆ సాయంత్రం కోడలు ఆ తడబాటు సంగతి తను వెంటనే సరిచేస్తానంది. రాయడం పూర్తయ్యాకే మాట అవతలికి వెళ్ళేలా మారుస్తానని వంటింటి మిషనులో రాసి చూపించింది. మా ఆవిడ చదివి, మా అందరికీ వినబడేలా చెప్పింది.

"దాన్ని ముట్టుకోకు. ఈయన చెప్పేదానికంటే తుడిచేదే ఎక్కువ."