నీడ మారిన ఇప్పచెట్టు

రన్‌వేను పొడిగించడానికి ఖాళీ చేయించిన ఆ తండాలో ఇరవై మూడు ఇళ్లుండేవి. అక్కడి నుంచి బయలుదేరిన ఆ ఇరవై మూడు కుటుంబాలూ జనగామకొకరు, దేవరుప్పులకొకరు, మొగుళ్లపల్లికొకరుగా చెదిరిపోయాయి. చెట్లను మాత్రం చెదరనివ్వలేదు. విస్తరణతో పర్యావరణానికి జరిగే నష్టాన్ని కొంతైనా పూడ్చాలన్న నియమం ప్రకారం డెబ్బై చెట్లను వేళ్ల చుట్టూ మట్టిముద్దతో సహా పెకలించి, లారీల మీద పడుకోబెట్టి, భూపాలపల్లి జిల్లాలో ఘనపూర్ దగ్గరి బీడు భూమిలో ఒక్కచోటే నాటారు.

వాటిలో నలభై ఆరో నంబరు రేకు తగిలించినది తండా ఇప్పచెట్టు.

ఆ తండా కోడలు గోరీ దాన్ని వెతుక్కుంటూ మాఘమాసంలో, పత్తి ఏరుడు ముగిశాక వచ్చింది. చెట్లకు నీళ్లు పోసే కూలిపనిలో చేరింది. కొమ్మలన్నీ కోసేసిన ఆ మొద్దును చూసి ఆమె ఏడవలేదు. మరునాడు పొద్దున రెండు వరుసలకు నీళ్లు పెట్టి, అలవాటు కొద్దీ మొద్దు నీడపడే వైపుకు వెళ్లి, వీపు ఆనించి కూర్చుంది. కూర్చున్నది కూర్చున్నట్టే లేచి నిలబడింది.

బెరడు గుచ్చుకుంది.

తండాలో చైత్రం వచ్చిందంటే కోడికూతకు ముందే ఆడవాళ్లంతా ఆ చెట్టు కింద చేరేవారు. రాలిన పువ్వును ఎవరి గంపలోకి వారు ఏరినా చివరికి ఒకటే కుప్ప పోసి, ఇంటికింత అని పంచుకునేవారు. ఎండెక్కేసరికి చెట్టుకు పడమర పక్క నీడలో ఆనుకుని కూర్చుని ఊరందరి సంగతులూ మాట్లాడుకునేవారు. గోరీ అత్త, ఆమె అత్త, అంతకుముందు ఎందరో ఆనిన ఆ చోట బెరడు అరిగి, నున్నటి గుంటలా ఉండేది. ఇప్పుడా నునుపు తూర్పున, ఎండలో మెరుస్తోంది.

"బిక్షపతన్నా, చెట్టు తిరిగిపోయింది," అంది గోరీ.

మేస్త్రీ బిక్షపతి నవ్వాడు. "చెట్టుకు ముందు, ఎనక ఉంటయా గోరక్కా? ఆర్టీసీ బస్సా గది?"

"నీకు లేవా? ఎనక్కెనక్కి నడువు మరి, చూస్త."

పైపులు పట్టుకున్న కూలీలు పకపకా నవ్వారు. బిక్షపతి మాత్రం పైపు సరిచేసే నెపంతో అవతలికి జరిగాడు.

పక్షానికొకసారి చెట్లను చూడవచ్చే సింధూజ వృక్షశాస్త్రం చదువుకున్న అమ్మాయి. చిగురు లేని చెట్టును చచ్చినట్టు రాసి, దాన్ని కొట్టేయించి, బదులుగా పది మొక్కలు నాటించడం ఆమె పని. ముప్పై ఒక్క చెట్లు ఇదివరకే అట్లా పోయాయి. నలభై ఆరుకు చైత్రం చివరిదాకా గడువిచ్చింది.

"ప్రతి చెట్టుకు ఉత్తరం దిక్కు ఎర్రగీత పెట్టించిన అవ్వా. గీత చూసే నాటిన్రు," అంది సింధూజ.

"ఆ గీత ఏడుందో జర చూపెట్టు బిడ్డా."

సింధూజ మొద్దు చుట్టూ రెండుసార్లు తిరిగింది. గీత లేదు. పెకలించకముందు తీసిన ఫొటోను ఫోన్‌లో వెతికింది. నున్నటి గుంట పడమరన ఉంది. దానికి ఎడమపక్కన, ఉత్తరాన, గీత ఉంది. ఆమె బిక్షపతి వైపు చూసింది.

"మూడొద్దులు ఒక్క తీరుగ వాన కొట్టింది మేడం. రంగు కొట్టుకపోయింది," అన్నాడతను నేల చూస్తూ. "క్రేనోడు తొందరపెట్టిండు. అందాజగ దించినం."

ఉదయపు లేత ఎండ తప్ప ఎరగని తూర్పు బెరడు ఇప్పుడు పడమటి ఎండకు ఎదురుగా ఉంది. అక్కడ జానెడు పొడవున నెర్రె విచ్చింది.

"మళ్ల తిప్పి నాటొచ్చా బిడ్డా?"

"తిప్పితే కొత్త వేర్లు తెగుతయి. అప్పుడు నిజంగనే చస్తది."

"అయితే తిప్పొద్దు," అంది గోరీ. "ఎండనే ఆపుదాం."

ఆ సాయంత్రమే ఆమె పేడా ఎర్రమట్టీ కలిపి పడమటి వైపంతా మందంగా మెత్తింది. బిక్షపతి ఎవరూ అడగకుండానే గోనె సంచులు తెచ్చి, తన చేత్తోనే చుట్టి పురికొసతో కట్టాడు. ఫాల్గుణమంతా గోరీ రోజుకు మూడుసార్లు ఆ గోనెలను తడిపింది. మిగతా చెట్ల వాటా తగ్గుతోందని ఎవరో సణిగితే, తాను తాగే బిందెలోంచి పోసింది.

చైత్రం వచ్చింది. గోరీకి తెల్లవారకముందే మెలకువ వచ్చేది. లేచి వెళ్లి మొద్దు కింద నేలను చేత్తో తడిమేది. తడి మట్టి తప్ప మరేమీ తగిలేది కాదు.

గడువు తీరే రోజున సింధూజ రిజిస్టరుతో వచ్చింది. గోరీ గోనె పైఅంచును వేలెడంత కిందికి లాగింది. నెర్రె పక్కన, రాగిరంగులో, వడ్లగింజంత మొగ్గ.

సింధూజ వంగి చాలాసేపు చూసింది. "గిది ఆకు మొగ్గ అవ్వా. బతికే ఉంది."

"పువ్వెప్పుడు?"

"ఐదేండ్లు పట్టొచ్చు." రిజిస్టరులో రాసుకుంటూ, "అసలు రాకపోవచ్చు కూడా," అంది. ఆ పిల్ల అబద్ధం చెప్పనందుకు గోరీకి కోపం రాలేదు.

ఆ రోజే జనగామ నుంచి తోటికోడలు తుల్సీబాయి ఫోన్ చేసింది. అక్కడ బస్టాండు పక్క హోటల్లో పాచిపని చేస్తోంది. ఇద్దరూ తమ లంబాడీలోనే మాట్లాడుకున్నారు.

"అక్కా, పువ్వు రాలుతోందా? తెల్లారితే చాలు, ముక్కుకు వాసన కొడుతోంది. ఈడ సాంబారు వాసన తప్ప ఏముంది?"

"రాలలే. అయినా నువ్వు రా. దేవరుప్పుల వాళ్లనూ పిలువు."

"పువ్వు లేకుంటే ఏం ఏరుతం?"

గోరీ లేచి నీడవైపుకు నడిచింది. గోనె మీద వీపు ఆనించి కూర్చుంది. దాని తేమ రవికెలోంచి ఒంట్లోకి దిగింది. ఈ కట్లు విప్పే నాటికి లోపల బెరడు గరుకుగానే ఉంటుంది. అది నునుపు తేలాలంటే ఎందరు ఆనుకోవాలో, ఎన్ని చైత్రాలు పడుతుందో.

"ఏరనీకి కాదు తుల్సీ," అంది. "కూసోనీకి. నా ఒక్కదాని వీపు చాలదు."