అద్దానికి అంటించిన దగ్గు

"ఇదిగో, నువ్వు కాస్త దగ్గు, చాలు. మిగతాది నేను చూసుకుంటాను" అన్నాడాయన హాల్లోంచి.

వంటింట్లో గిన్నెల మోత, కిటికీ కింద కారు గురక. ఆ రెంటి మధ్యా నలిగిన మాట ఆమె చెవికి "తగ్గు" అని చేరింది. చెయ్యి దానంతటదే వెళ్ళి స్టవ్ మంట తగ్గించింది. ఆ ఇంట్లో ఎవరు ఏది తగ్గమన్నా ముందు తగ్గేది మంట, తర్వాత ఆమె. టీవీ వినబడట్లేదంటే గొంతు తగ్గించింది. అత్తగారి మోకాలు నొప్పంటే పుట్టింటి ప్రయాణాలు తగ్గించింది. మరి పొద్దున్నే ఎవరితోనూ మాటామాటా అనుకోకుండా ఇవాళ దేనికి తగ్గాలో అర్థం కాక, గరిటె పట్టుకునే గుమ్మంలోకి వచ్చి, "ఇంకెంత తగ్గాలండీ?" అంది.

ఆయన చెవికది "ఇంకెంత దగ్గాలండీ?" అని వినిపించింది. మొహం చేటంత చేసుకుని, "డాక్టరు నమ్మేంత" అన్నాడు. సోఫాలో కూర్చుని మోకాలికి మందు రాసుకుంటున్న అత్తగారు, "చూశావురా నాన్నా, అడగ్గానే ఒప్పుకుంది పిల్ల" అని మురిసిపోయింది.

తను దేనికి ఒప్పుకుందో ఆమెకి కాస్త ఆలస్యంగా తెలిసింది. వచ్చే నెలనుంచి ఊరి నడిబొడ్డులోకి డీజిల్ కార్లు రాకూడదట. గాలి పాడైపోయింది, బాగుచెయ్యాలట. ఆయన ఆఫీసు ఆ నడిబొడ్డులోనే. కారు అమ్మడమా, ఇంటిపేరు అమ్ముకున్నట్టే. అయితే నిషేధానికో సందు ఉంది: ఊపిరితిత్తుల జబ్బున్న మనిషిని రోజూ ఎక్కించుకెళ్ళే కారైతే రానిస్తారు. అద్దానికి స్టిక్కరిస్తారు. ఆ సందులోంచి ఆయన కారు తోలడానికి కావలసిందల్లా ఆమె దగ్గు.

తను విన్నది వేరే మాట అని చెప్పబోయింది. దగ్గొచ్చింది. "భేష్" అన్నాడాయన.

ఆ దగ్గుకి ఆ ఇంట్లో అంతవరకూ విలువ లేదు. "పని చెప్తే చాలు, పుట్టుకొస్తుంది దగ్గు" అనేవాడాయన. రాత్రిళ్ళు దిండు చంకన పెట్టుకుని హాల్లోకి వెళ్ళిపోయేవాడు, వెళ్తూ వెళ్తూ తలుపు కాస్త గట్టిగా వేసేవాడు. అత్తగారైతే, మా రోజుల్లో కట్టెల పొయ్యి ముందు బతుకంతా కూర్చున్నాం, మాకు దగ్గడానికి తీరికెక్కడిదమ్మా అనేది. డాక్టరుకి చూపించుకుంటానంటే, మందులషాపువాడినడిగి ఏదో ఒక సీసా తెచ్చుకో అన్నారు. తెచ్చుకుంది. సీసాలు తగ్గాయి గానీ దగ్గు తగ్గలేదు.

దగ్గు ఎక్కణ్ణుంచి వస్తోందో ఆమెకి తెలుసు. రోజూ పొద్దున్నే కిటికీ కిందనుంచి వచ్చేది. ఇంజన్ వేడెక్కాలని కారు స్టార్ట్ చేసి ఆయన స్నానానికి వెళ్ళేవాడు. బయల్దేరేటప్పుడు తిప్పుకోనక్కర్లేకుండా కారు మొహం వీధివైపు, వెనకభాగం వంటింటివైపు. ఒక్కసారి అడిగింది, అటు తిప్పి పెట్టరాదా అని. "కారు మొహం గోడకి పెట్టమంటావా, అదేమన్నా తప్పు చేసిందా?" అని నవ్వాడు. అప్పట్నుంచి కిటికీ మూస్తే పోపు ఘాటు, తెరిస్తే కారు పొగ. ఏ పొగ పీల్చుకోవాలో ఎంచుకునే స్వేచ్ఛ మాత్రం ఆమెదే, ఎవరూ కాదనలేదు. కిటికీ గట్టు తడిగుడ్డతో తుడిస్తే గుడ్డ నల్లబడేది, మర్నాటికి గట్టూ నల్లబడేది. ఆరేసిన తెల్లచొక్కాలు బూడిదరంగుకి తిరిగితే, సబ్బు సరిగ్గా పెట్టట్లేదని అత్తగారు కాలరు పట్టుకుని చూపించేది.

ఆమె ఉద్యోగం బస్టాండులో. ఏ బస్సు ఎక్కడ ఆగి ఉందో మైకులో చెప్పేది. కొత్తలో డ్రైవర్లు కూడా, "అమ్మగారు పిలిస్తే బస్సు కూడా బుద్ధిగా వస్తుంది" అనేవారు. తర్వాత ప్రకటన మధ్యలో దగ్గు జొరబడడం మొదలైంది. బస్సు పేరొకచోట, ఊరి పేరొకచోట పడేవి. ఓ రోజు సూపర్‌వైజరు అందరి ముందూ, "ప్రయాణికులు బస్సు గురించి అడుగుతున్నారు, నీ ఆరోగ్యం గురించి కాదు" అని, తీసుకెళ్ళి, ప్రయాణికులు పోగొట్టుకున్న సామాన్ల గదిలో కూర్చోబెట్టాడు. గొడుగులు, టిఫిన్ డబ్బాలు, జతలేని చెప్పులు. ఇంటికొచ్చి చెబితే ఆయన, "సరైన చోటే వేశారు. పోయిన సామాన్లలో నీ గొంతు దొరుకుతుందేమో వెతుక్కో" అన్నాడు. మంచి జోకే. తను కూడా నవ్విందని తర్వాత గుర్తొచ్చినప్పుడల్లా ఆమెకి సిగ్గేసేది.

నిజంగానే దొరికింది. క్రితం నెల ప్రయోగం కోసమని వారంపాటు నడిబొడ్డులో డీజిల్ కార్లు ఆపారు. ఆ వారం ఆయన ఊరెళ్ళాడు, కిటికీ కింద కారు కదల్లేదు. రెండు మూడు రోజులయ్యాక, గొడుగులు సర్దుతూ తను సన్నగా ఏదో కూనిరాగం తీస్తున్నట్టు తనకే వినిపించింది. మైకు గదికి వెళ్ళి ఒక్కసారి చదవనిమ్మంది. చదివింది. ఊపిరి ఎక్కడా తెగకుండా చివరిదాకా వెళ్ళి ఆగింది. సూపర్‌వైజరు చెవి గోక్కుని, "ఇలాగే ఉంటే వచ్చి కూర్చో" అన్నాడు. వారం అయిపోయింది. కార్లొచ్చాయి, దగ్గొచ్చింది, ఆమె గొడుగుల దగ్గరికి తిరిగొచ్చింది.

ఇప్పుడు ఆ పొగని మళ్ళీ లోపలికి రానివ్వడానికి పూచీ తనే ఉండాలి. తన జబ్బే దానికి టిక్కెట్టు.

స్టిక్కరొస్తే తను కూడా కారులోనే వెళ్తుందా అని అడిగింది. ఇద్దరూ వెళ్ళేది ఒకవైపే అయినా, నీ డ్యూటీ ముందు నా డ్యూటీ తర్వాత అని ఆయన ఎన్నడూ ఎక్కించుకుంది లేదు. "నువ్వెందుకు ఇబ్బందిపడతావు, నీకు బస్సు అలవాటేగా. స్టిక్కరు ఎక్కితే చాలు" అన్నాడు. అంటే మనిషి బస్సులో, ఆ మనిషి జబ్బు కారులో.

డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సిన రోజు పొద్దున్న కారు ఎప్పటికంటే ముందే గురక మొదలుపెట్టింది. ఆమె కిటికీ మూయబోతే ఆయన వచ్చి రెక్క పట్టుకున్నాడు. "ఇవాళ్టికి తెరిచుంచు" అన్నాడు, చాలా మెత్తగా. పెళ్ళయిన కొత్తలో తప్ప ఆయన గొంతు అంత మెత్తగా ఆమె వినలేదు. వెనకనుంచి అత్తగారు, "వేణ్ణీళ్ళు కూడా తాగకమ్మాయ్, ఒకవేళ తగ్గిపోతుందేమో" అంది. ఆమె కిటికీ దగ్గరే నిలబడి కూర కలిపింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పొగకే అనుకున్నారు వాళ్ళు.

స్టిక్కర్లిచ్చే కార్యాలయంలో ఒక బల్ల వెనక అధికారి, పక్కన ఒక డాక్టరమ్మ. బల్ల ముందు కుర్చీలో ఆమె, వెనకాల ఆయన, తోడుగా వచ్చిన అత్తగారు గోడవార కుర్చీలో. డాక్టరమ్మ గొట్టంలో ఊదించింది, వీపుకి స్టెతస్కోపు ఆనించి వింది, మొహం గంభీరంగా పెట్టింది. ఆమె నటించాల్సిన పనే లేకపోయింది. "జబ్బు నిజమే. ఇంత ముదిరేదాకా ఎందుకు ఊరుకున్నారమ్మా?" అంది. ఆయన బాధగా తల ఊపాడు.

అధికారి కలం తీసి, "ఈ కారులో రోజూ తిరిగేది మీరేనా?" అన్నాడు.

వెనకనుంచి ఆయన చిన్నగా, "దగ్గు" అన్నాడు. ఈసారి స్పష్టంగానే వినిపించింది.

ఆమెకి దగ్గు రాలేదు. వచ్చినా ఆపుకునేది. మైకు ముందు కూర్చున్నట్టు వెన్ను నిటారుగా పెట్టి, "నేను ఆ కారులో తిరగనండి. ఆ కారే నాలో తిరుగుతోంది" అంది.

అధికారి కలం ఆగింది. ఆయన ముందుకొచ్చి, తను కంగారులో ఏదో అంటోందండీ అన్నాడు. కంగారు కాదంది ఆమె. తను వెళ్ళేది బస్సులోనని, కారు పొగ వంటింట్లోకి వస్తుందని, స్టిక్కరొచ్చినా తను అందులో ఎక్కేది లేదని, జబ్బు రాసుకోమని, కారుకి మాత్రం తన పేరు రాయొద్దని, ఒక్కోమాట విడివిడిగా చెప్పింది. అధికారి కాగితం వెనక్కి తోసేశాడు.

అత్తగారికి మాత్రం మింగుడు పడలేదు. "అదేమిటే అమ్మాయ్! ఆవేళ ఒప్పుకున్నావుగా. ఇంకెంత దగ్గాలండీ అని నీ నోటితోనే అడిగావుగా?"

ఆమె తన కుర్చీ వెనక్కి తిప్పింది. అత్తగారూ, ఆయనా, డాక్టరమ్మా, అధికారీ అందరూ తనవైపే చూస్తున్నారు.

"దగ్గాలి అనలేదత్తయ్యా, తగ్గాలి అన్నాను. ఆయన దగ్గమన్నారు. నాకు తగ్గమన్నట్టు వినిపించింది. మనింట్లో వినీ వినీ నా చెవికి అదే మాట అలవాటైపోయింది. అందుకే ఇంకెంత తగ్గాలండీ అని అడిగాను. అది ఆయనకి ఇంకోలా వినబడింది, మీరంతా సంతోషించారు."

హ్యాండ్‌బ్యాగు భుజానికి తగిలించుకుంది. బస్టాండు అక్కణ్ణుంచి నడిచివెళ్ళేంత దూరమే.

"నేనడిగినదానికి మాత్రం ఇంకా ఎవరూ జవాబు చెప్పలేదు."