దుల్మా లేని వారం

దుల్మా కుట్టిన దేల్ తొడిగితే బానపొట్టకి కూడా నడుం వస్తుందని దార్ఖాన్‌లో పేరు. ఆ పేరు ఊరంతా మోసింది ఎక్కువగా దుల్మాయే. కొత్త సంవత్సరం మొదలయ్యే తెల్లమాసం పండక్కి అందరూ ఆ నిలువు అంగీ కొత్తది కుట్టించుకుంటారు. ఆమె దుకాణంలో గుడ్డ మీద కత్తెర పెట్టే హక్కు మాత్రం ఆమె ఒక్కదానిదే. ఏళ్ళ తరబడి దగ్గర పనిచేస్తున్న యంజ్మాకి కూడా గుండీలు, అంచులతోనే సరి. అందుకే ఏటా పండగ ముందు సగంమందిని వెనక్కి పంపేది. పంపి, తనకెంత గిరాకీయో అని మురిసిపోయేది.

వ్యాపారం పెంచుకోవాలనుకునే ఆడవాళ్ళకి గ్రంథాలయం మేడమీద శిక్షణ ఇస్తున్నారంటే చేరింది. నేర్చుకోవడానికని అందరికీ చెప్పింది గానీ, వాళ్ళకే నాలుగు ముక్కలు నేర్పి రావచ్చనుకుంది. పాఠం చెప్పే సారుల్ ఆమె కూతురి ఈడు పిల్ల. మొదటిరోజే దుల్మా లేచి పట్టుగుడ్డ ఎంచడం గురించి ఎంతసేపు చెప్పిందంటే, పక్కనున్న రొట్టెలావిడ కునుకు తీసి లేచినా ఇంకా చెబుతూనే ఉంది.

సారుల్ అందరి దుకాణాలూ చూసొచ్చి ఒక్కొక్కరికీ ఒక్కో పని పెట్టింది. దుల్మా పని వినగానే గదంతా నవ్వింది. వారంపాటు ఆమె తన దుకాణం గడప తొక్కకూడదు.

"పండగ ముంచుకొస్తోంది తల్లీ. నేను లేకపోతే మూతపడుతుంది," అంది దుల్మా.

"పడితే నాది పూచీ అక్కా. అసలు పడుతుందో లేదో చూద్దాం."

పడుతుందని రుజువు చేయడానికే ఒప్పుకుంది. పసిబిడ్డని అప్పగించినట్టు కత్తెర యంజ్మా చేతిలో పెట్టి, స్తెప్పీ గడ్డిమైదానంలో ఉన్న చెల్లెలు ఖండా గుడారానికి వెళ్ళిపోయింది.

అక్కడ ఫోను పలికేది వెనకున్న గుట్ట మీదే. పొద్దున్నే ఉప్పు టీ తాగి, కనురెప్పలు గడ్డకట్టే చలిలో గుట్టెక్కి నిలబడేది. గుడ్డ తప్పు కోశామనో, గిరాకీలు గొడవకొచ్చారనో ఏదో ఒక ఏడుపు ఫోను రావాలి కదా. రాలేదు. ఫోను పాడైందేమోనని ఖండా ఫోనులోంచి తన నంబరుకే చేసుకుంది. లక్షణంగా మోగింది.

"ఎందుకే రోజూ ఆ గుట్టెక్కడం?" అనడిగింది ఖండా, పొయ్యిలో పిడక ఎగదోస్తూ.

"దుకాణానికేం ఆపదొచ్చిందోనని."

"రాలేదనా నీ దిగులు?"

 సరిగ్గా అదే దుల్మా దిగులు. నేను లేకపోతే నా దుకాణం బావుండకూడదని కోరుకుంటున్నానా అని తనని చూసి తనకే నవ్వొచ్చింది. నవ్వొచ్చినా మర్నాడు మళ్ళీ గుట్టెక్కింది. ఆగలేక, పచ్చదారం ఎక్కడుందో చెబుదామన్న వంకతో తానే ఫోను చేసింది. దారం దొరికిందనీ, జనం ఉన్నారనీ, తర్వాత మాట్లాడతాననీ చెప్పి యంజ్మా పెట్టేసింది.

ఇక ఉండబట్టలేక గడువుకి ముందే తిరిగొచ్చేసింది. ఇదివరకైతే వెనక్కి పంపే మనుషులందరూ దుకాణంలో బల్ల మీద ఇరుక్కుని కూర్చున్నారు. పలకరింపులైనా లేకుండా వేలాడుతున్న దేల్‌లన్నీ తిరగేసింది. తప్పు దొరికితే బావుణ్ణని వెతికింది. కుట్లు చీమలబారుల్లా ఉన్నాయి.

అద్దం ముందు మందులషాపు సెర్జ్మా నిలబడి ఉంది. లేతనీలం దేల్‌కి చిలకపచ్చ అంచు. ఆ రంగులు కావాలని ఆవిడ ఏటా అడిగేది. నీ ఛాయకి నప్పవని దుల్మా ఏటా కాఫీరంగే అంటగట్టేది. ఇప్పుడు ఆవిడ చిన్నపిల్లలా ఇటు తిరిగి అటు తిరిగి చూసుకుంటోంది. అద్దంలో దుల్మా కనపడగానే ఆగిపోయి, ఆ పచ్చ అంచుని చేత్తో కప్పేసుకుంది.

దుల్మా ఆ చెయ్యి చూసింది. ఇన్నాళ్ళూ తాను గిరాకీ అనుకున్నదాంట్లో భయం పాలెంతో అర్థమైంది. దగ్గరికెళ్ళి ఆ చెయ్యి మెల్లగా తీసి, మెడపట్టీ సర్దింది.

"బాగా కుదిరింది వదినా," అంది. ఆ రంగులు అప్పటికీ దుల్మాకి నచ్చలేదు.

యంజ్మా కత్తెర తెచ్చి చాచింది.

"నీ దగ్గరే ఉంచుకో. నేను ఇంకోటి కొనుక్కుంటాను."

శిక్షణ ముగిసే రోజున, మీ వ్యాపారానికి అడ్డేమిటో చెప్పమన్నాడు వచ్చిన బ్యాంకాయన. రోడ్లనీ, అప్పులనీ తలా ఒకటి చెప్పారు. దుల్మా లేచి, "నేనే," అని కూర్చుంది. ఇంత క్లుప్తంగా ఆవిడ మాట్లాడటం ఎవరూ ఎరగరు. రొట్టెలావిడ చప్పట్లు కొట్టింది.

వసంతంలో పాత దుకాణం యంజ్మాకి వాటాతో అప్పగించి, సుఖ్‌బాతర్ ఊళ్ళో రైలుస్టేషను పక్కన రెండోది తెరిచింది. అప్పుడప్పుడూ దార్ఖాన్ నుంచి రైలు దిగినవాళ్ళు కనిపించి, మీ దుకాణంలో ఆ యంజ్మా భలే కుడుతుందని, మా మాటగా చెప్పమంటారు. చెబుతానంటుంది దుల్మా. చెబుతుంది కూడా, కాకపోతే రెండుమూడు రోజులు ఆగి.