మెట్లెక్కితేనే వచ్చే గ్యాస్

నలభై ఏళ్లపాటు పేటంతటికీ బట్టలు కుట్టిన టైలరమ్మకు డెబ్బై మూడో ఏట ఓ కొత్త బాధ పట్టుకుంది. నాలుగు మెట్లెక్కితే చాలు, ఛాతీ మీద ఇస్త్రీపెట్టె పెట్టినంత బరువు, దవడ దాకా పాకే నొప్పి, ఒళ్లంతా చెమట. కాసేపు కూర్చుంటే అంతా మాయం.

ఒకే ఇంట్లో ఉంటున్న ఆడపడుచు ఊరుకోలేదు. రెక్క పట్టుకుని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. ఆసుపత్రి రెండో అంతస్తులో. లిఫ్టు లేదు. ఆయాసపడుతూ ఎక్కి, గంటసేపు బెంచీ మీద కూర్చుని, పిలుపు వచ్చేసరికి టైలరమ్మ నిక్షేపంగా ఉంది.

"గ్యాస్," అన్నాడు డాక్టరు తలెత్తకుండానే.

"గ్యాసైతే తిన్నాక రావాలి కదండీ? నాకు మెట్లెక్కితేనే వస్తోంది. నేను ఎక్కుతున్నానో దిగుతున్నానో గ్యాస్‌కెలా తెలుస్తుంది?"

"ఈ వయసులో ఇలాంటివి మామూలే మామ్మగారూ. దాని గురించి ఆలోచించకండి."

మొదటిసారి గులాబీరంగు మాత్రలిచ్చాడు, రెండోసారి తెల్లవి. మూడోసారి పోరు పడలేక ఈసీజీ తీయించాడు. అందులో గీతలు బుద్ధిమంతుల్లా వరసగా నడిచాయి.

"చూశారా! మీ గుండె నా గుండెకన్నా బాగుంది," అని నవ్వి, ఆకుపచ్చ సీసా రాసిచ్చాడు.

ఇంటికొచ్చి టైలరమ్మ ఆలోచనలో పడింది. "అమ్మాయ్, తప్పంతా ఆ బెంచీది. ఆయన చూసేసరికి నొప్పి చల్లారిపోతోంది. ఈసారి వేడివేడిగా పట్టుకెళ్లాలి."

"నీకేమైనా మతిపోయిందా వదినా!" అంది ఆడపడుచు. అరగంట వాదించి, చివరికి తనే ఏర్పాట్లు చేసింది.

మర్నాడు టైలరమ్మ కింద మందుల షాపు ముందు కుర్చీలో కూర్చుంది. ఆడపడుచు చీటీ పట్టుకుని పైన కాపలా కాసింది. ముందు మనిషి లోపలికెళ్లగానే వరండాలోంచి వంగి, "వదినా! ఎక్కు!" అని కేక పెట్టింది. వీధంతా తలెత్తి చూసింది.

టైలరమ్మ ఎక్కింది. మొదటి అంతస్తు దాటగానే నొప్పి మొదలైంది. పైకి చేరి, బెంచీ వంక కూడా చూడకుండా తిన్నగా డాక్టరు గదిలోకి నడిచింది. మొహం పాలిపోయి ఉంది, చెమట ధారకట్టింది.

"తెచ్చానండీ..." అంది రొప్పుతూ. "ఆరిపోకముందే చూడండి."

డాక్టరు మొదటిసారి తలెత్తాడు. ఆ వెంటనే లేచి నిలబడ్డాడు. నర్సు పరుగున యంత్రం తెచ్చింది. ఈసారి గీతలు కిందికి జారిపోయాయి.

నాలుక కింద మాత్ర పెడుతూ, "ఇలా ఉన్నప్పుడు మెట్లెందుకెక్కారు మామ్మగారూ!" అన్నాడు కంగారుగా.

"ఆసుపత్రి రెండో అంతస్తులో పెట్టింది నేనా?"

అంబులెన్సు వచ్చింది. ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి నలుగురు కిందికి దించారు. కుర్చీ ముందు కాళ్లలో ఒకటి డాక్టరే పట్టుకున్నాడు. "మలుపులో గోడకి కొట్టకండి! మా వదినండీ, బీరువా కాదు!" అని ఆడపడుచు వెనకనుంచి అరుస్తూనే ఉంది.

పెద్దాసుపత్రిలో రెండు రక్తనాళాలు మూసుకుపోయాయన్నారు. వెంటనే స్టెంట్లు వెయ్యాలన్నారు. తీసుకెళ్లే ముందు టైలరమ్మ ఆడపడుచు చెయ్యి పట్టుకుంది.

"ఏదైనా అనవే. నువ్వు నోరు మూసుకుంటే నాకు భయంగా ఉంది."

"ఏమనను?"

"తిట్టు."

ఆడపడుచు ముక్కు చీదుకుంది. "మొండిఘటం! నాకు చెప్పకుండా పైకి పోయావో, నీ కుట్టుమిషను పాతసామాన్లవాడికిచ్చేస్తాను!"

టైలరమ్మ నవ్వుతూ లోపలికెళ్లింది.

మూడోరోజు డాక్టరు వార్డుకొచ్చాడు. చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు మంచం పక్కన నిలబడ్డాడు.

"మూడుసార్లు చెప్పారు. నేను వినలేదు. తప్పు నాదే మామ్మగారూ."

ఆయన కోసం టైలరమ్మ బోలెడు మాటలు దాచిపెట్టుకుంది. ఆ మొహం చూశాక ఒక్కటీ పైకి రాలేదు.

"కూర్చోండి," అంది.

డాక్టరు స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "మొదటిసారి ఎప్పుడొచ్చింది, ఎలా వచ్చింది, అన్నీ చెప్పండి. నాకు తొందరేం లేదు."

టైలరమ్మ గొంతు సవరించుకుంది. "పోయిన నెల, మా డాబా మెట్ల మీద..."

"పోయిన నెల కాదు, ఆ ముందు నెల," అంటూ ఆడపడుచు తన కుర్చీ ముందుకు జరుపుకుంది.