పై స్వరం

మూడు పీపీలూ ఒకలాగే ఉన్నాయి, కాదు, ఒకలా ఏమీ లేవు, మొదటిది ఇత్తడి రంగులో సన్నగా ఉంది, రెండోది నికెల్ పూతతో లావుగా తళతళలాడుతోంది, మూడోది నల్ల రంగు పూసిన పొడుగుది, దాని బెజ్జాల మీదికి నా వేళ్ళు సాగవు కాబట్టి దాన్ని వదిలెయ్యొచ్చు, ఇక మిగిలినవి రెండే, రెండింట్లో ఒకటి ఏరుకోవడానికి భిలాయి నుంచి దుర్గ్ దాకా టెంపోలో కుదుపులు తింటూ వచ్చి ఈ హార్మోనియంల దుకాణంలో అరగంట నుంచి నిలబడ్డాను, పెళ్ళి చీర కొనేటప్పుడు కూడా ఇంతసేపు చూడలేదు, దుకాణం సేఠ్ మాత్రం విసుక్కోవడం లేదు, తబలా తోలు బిగించుకుంటూ దేఖియే దీదీ, ఆరామ్ సే దేఖియే అంటున్నాడు, ఆయనకి అరవై ఉంటాయి, నాకు నలభై ఆరు, దీదీనట, అక్కనట, పోనీలే, రాగానే మాత్రం బచ్చీ కే లియే అని అడిగాడు, అవును పిల్లకోసమేనని తల ఊపేశాను, ఎందుకూపానో, మా అమ్ము జబల్‌పూర్ హాస్టల్లో ఉండి చదువుకుంటోంది, దానికి విజిల్ ఎందుకు, నాకే, నేనే నేర్చుకుంటున్నానని చెప్పడానికి నోరు రాలేదు, వంట నేర్చుకుంటున్నానంటే ఎవరూ నవ్వరు, కుట్టు మిషను నేర్చుకుంటున్నానన్నా నవ్వరు, టిన్ విజిల్ అంటే నవ్వుతారు, అది చిన్నపిల్లల వస్తువు కదా, రేకు గొట్టం, ఆరు బెజ్జాలు, నోట్లో పెట్టుకునే చోట పిట్ట ముక్కులాంటి మూతి.

నా మొదటి పీపీ అమ్ముదే, బడి బ్యాండులో ఊదేది, మా ఆయన చనిపోయిన ఏడాది, అంటే తొంభై నాలుగులో, అది హాస్టల్‌కి వెళ్ళిపోయాక బీరువా సర్దుతుంటే దాని పాత యూనిఫారం మడతల్లోంచి కింద పడింది, తీసి తుడిచి ఊరికే ఊదాను, కూ మని పలికింది, ఇంట్లో నేను కాకుండా ఇంకేదో పలికి ఎన్నాళ్ళయిందో, మళ్ళీ ఊదాను, ఆ పూట అన్నం వండుకోవడం కూడా మరిచిపోయాను, ఆదివారం అమ్ము ఫోన్ చేస్తే చెప్పాను, మమ్మీ తుమ్ భీ నా, నీకేమైంది, బోర్ కొడుతుంటే పక్కింటి గున్నమ్మ ఆంటీ ఇంటికి వెళ్ళొచ్చు కదా అంది, వెళ్ళొచ్చు, వెళ్తాను కూడా, వెళ్ళి ఎంతసేపు కూర్చుంటాను, వాళ్ళాయన డ్యూటీ నుంచి వచ్చే వేళకి లేచి రావాలి, టౌన్‌షిప్ ఆఫీసులో ఫైళ్ళు అందించి ఐదున్నరకి తాళం తీస్తే మళ్ళీ పొద్దున్న తాళం వేసేదాకా నాతో మాట్లాడేది ఎవరు, పాలవాడు, వాడు కూడా గిన్నె పెట్టండమ్మా అనే ఒక్క మాట.

అందుకే మంగళవారం వస్తే నాకు పండగ, అమ్ముకి బడిలో బ్యాండు నేర్పిన గురునాథరావు మాస్టారు రిటైరై సెక్టర్ ఐదులోనే ఉంటారు, మంగళవారం సాయంత్రం గంటసేపు వాళ్ళ వరండాలో నాకు పాఠం, కిందటి వారం నా ఊదుడు విని చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, ఏటమ్మా ఇది, ఊదుతున్నావా, టీ సల్లారుస్తున్నావా అన్నారు, వాళ్ళావిడ లోపల్నించి కిసుక్కున నవ్వింది, నాకూ నవ్వొచ్చింది, తర్వాత ఆయన నవ్వలేదు, ఆర్నెల్లయిందమ్మా, కింది స్వరాలు సక్కగా వచ్చీసినాయి, పై స్వరాలు ఒక్కటీ రాలేదు, సేతి ఏళ్ళు మారవు, అయే బెజ్జాలు, ఊపిరొక్కటే రెట్టింపవ్వాల, పీపీదో నీదో తప్పు తేల్చుకోవాల, మంచిది ఇంకోటి కొనుక్కో, దాంతోనూ రాకపోతే ఇదొగ్గీసి భజనకెళ్దువుగాని, నీకూ కాలక్షేపం, నాకూ పాపం సుట్టుకోదు అన్నారు, మీరే ఒకటి ఏరి పెట్టండి మాస్టారూ అంటే, నానేరను, ఎవుల ఊపిరి ఆలకే తెలుస్తాది అన్నారు, భజనలో పాతికమంది ఉంటారు, అందరూ ఒకేసారి పాడతారు, అక్కడ నేను పాడానో లేదో నాకే తెలియదు, నాకు ఈ పీపీయే కావాలి, ఇది పోతే మంగళవారమూ పోతుంది, ఇంట్లో ఫ్రిజ్ చప్పుడు ఒక్కటే మిగులుతుంది, అందుకే తప్పు పీపీదే కావాలని దేవుడికి దణ్ణం పెట్టుకుని మరీ బయల్దేరాను.

ఇత్తడిది తీసుకుని ఊదాను, ఎంత మెత్తగా పలికిందో, కొంచెం ఊపిరికే పలికేస్తోంది, పక్కన నిలబడ్డవాళ్ళకి కూడా వినపడదేమో, మర్యాదస్థురాలు, ఇదే తీసేసుకుందాం అనుకున్నాను, కింది స్వరాలు ఒక్కొక్కటే దిగి ఎక్కాను, పై స్వరానికి వెళ్ళేసరికి అదే పాత కథ, గాలి తప్ప ఏమీ లేదు, నికెల్‌ది తీశాను, దీనికి ఊపిరి బోలెడు కావాలి, కింది స్వరమే కాస్త గట్టిగా వచ్చింది, వెంటనే మూతి మీంచి నోరు తీసేశాను, అమ్మో, ఇంత గోలా, ఇది మనకి కుదరదు అని ఇత్తడి దాన్నే మళ్ళీ పట్టుకున్నాను, అప్పుడు సేఠ్ తబలా పక్కన పెట్టి, కళ్ళజోడు పైనుంచి నన్ను చూసి నవ్వుతూ, జోర్ సే ఫూంకో దీదీ, కోయీ సో రహా హై క్యా అన్నాడు, గట్టిగా ఊదమ్మా, ఎవరైనా పడుకున్నారా అని, మామూలు వేళాకోళం, నేను చటుక్కున, హా, అవును అన్నాను.

హా అని ఎవరి గురించి అన్నాను, ఈ దుకాణంలో ఎవరు పడుకున్నారు, ఇరవై రెండేళ్ళు మా ఇంట్లో ఒక మనిషి పగలు పడుకున్నాడు, అదీ సంగతి, ఉక్కు ఫ్యాక్టరీ కోక్ ఒవెన్స్‌లో సి షిఫ్టు, అంటే రాత్రి డ్యూటీ, చేసి పొద్దున్నే వచ్చి ఏడింటికి మంచమెక్కితే రెండింటిదాకా ఇల్లంతా ఊపిరి బిగబట్టుకుని ఉండాలి, మా లైనులో అందరిళ్ళూ అంతే, ఏ వారం ఎవరి మొగుడికి ఏ షిఫ్టో ఆడవాళ్ళందరికీ నోటికొచ్చు, మా ఇంట్లో రుబ్బురోలు కదపకూడదు, పక్క క్వార్టర్ గున్నమ్మగారు గోడ మీంచి సైగ చేసి, మీయాయన పడుకున్నాడేటి, పప్పు మా ఇంటికి తెచ్చీ, ఇక్కడ రుబ్బీసుకుందుమూ అనేది, వాళ్ళాయనకి సి షిఫ్టయితే ఆవిడ పప్పు మా ఇంటికి వచ్చేది, కుక్కర్ విజిల్ కూత పెట్టకముందే స్టవ్ ఆర్పడం నాకు వెన్నతో పెట్టిన విద్య, అమ్ము పసిదప్పుడు కిందపడి మోకాలు చీరుకుపోయినా నోరు మూసుకుని ఏడవడం నేర్చుకుంది, నేనే నేర్పాను, మా ఇంటి చప్పుళ్ళన్నీ అలా నేనే ఒక్కొక్కటిగా చంపాను, ప్రేమతోనే చంపాను, బాయిలర్లా మండే చోట రాత్రంతా నిలబడి వచ్చిన మనిషికి నేను ఇవ్వగలిగింది ఆ నిద్ర ఒక్కటే.

ఆ రోజు కూడా ఇచ్చాను, సి షిఫ్టు నుంచి వచ్చి టీ తాగి, రెండింటికి లేపు, సైకిలు బాగు చేయించాల అని పడుకున్నారు, కుక్కర్ కూయకుండానే దింపాను, గేటు దగ్గర కూరలమ్మికి చేత్తోనే వద్దన్నాను, పన్నెండింటికి అమ్ము ఏదో పాట కూనిరాగం తీస్తూ కాలేజీ నుంచి వస్తే గుడ్లురిమి పెదాల మీద వేలు పెట్టాను, రెండయింది, పోనీ పాపం ఇంకో అరగంట పడుకోనీ అనుకున్నాను, రెండున్నరకి వెళ్ళి కాలు తట్టాను, తొమ్మిదింటికే అయిపోయి ఉంటుందమ్మా అన్నాడు డాక్టరు, గుండె, నిద్రలోనే, మీరేం చేసినా ఆగేది కాదన్నాడు, గున్నమ్మగారు కూడా నన్ను పట్టుకుని, నువ్వేటి సేస్తావు తల్లీ, పడుకున్నోడ్ని లేపుతామేటి అని ఏడ్చింది, నాది మాత్రం ఒక్కటే లెక్క, ఎవరికీ చెప్పలేదు, అమ్ముకి కూడా, ఎనిమిదిన్నరకి ఆ కుక్కర్‌ని ఒక్క కూత కూయనిచ్చి ఉంటే, ఉలిక్కిపడి లేచి నన్ను తిట్టి ఉంటే, ఆ తిట్టుతో గుండె మళ్ళీ దారిలో పడి ఉంటే, ఈ ఉంటేలతో రెండేళ్ళుగా చస్తున్నాను, చస్తూనే ఆ ఇంట్లో ఇప్పటికీ తలుపు చప్పుడు కాకుండా వేస్తున్నాను, గిన్నె కింద గుడ్డ పరిచి పెడుతున్నాను, పీపీని టీ చల్లార్చినట్టు ఊదుతున్నాను, మాస్టారు ఊపిరి ఊపిరి అని మొత్తుకుంటుంటే నాలో ఊపిరి లేదనుకున్నాను గానీ, ఒకరి నిద్ర చెడుతుందని దాన్ని లోపలే పట్టుకుని కూర్చున్నానని అనుకోలేదు.

సేఠ్ నవ్వు ఆపేశాడు, నా మొహం ఎలా ఉందో ఏమో, క్యా హువా దీదీ, కూర్చోండి అంటూ స్టూలు జరిపాడు, కూర్చోలేదు, పిల్లకోసం కాదు భయ్యా, నాకే, మేరే లియే అన్నాను, ఇత్తడిది గాజు బల్ల మీద పెట్టేసి నికెల్‌ది తీసుకున్నాను, ఆరు బెజ్జాలూ మూశాను, రొమ్ము నిండా గాలి పీల్చుకుని ఊదాను, మొదట బుస్సుమంది, నోరు తియ్యలేదు, ఇంకా గట్టిగా ఊదాను, బుస్సు చీలి లోపల్నించి పై స్వరం లేచింది, నిటారుగా, నా చెవులే గింగురుమనేట్టుగా, రోడ్డు మీద స్కూటరాయన వెనక్కి తిరిగి చూశాడు, అరే వాహ్ అంటున్నాడు సేఠ్, నేను మాత్రం ఒక చెవి అలవాటుగా ఇంటి వైపే పెట్టి ఉంచాను, మంచం కిర్రుమంటుందని, ఏమిటే ఆ గోల అని గొంతు వినిపిస్తుందని, ఊపిరి అయిపోయేదాకా ఊదుతూనే విన్నాను, మళ్ళీ పీల్చుకుని మళ్ళీ ఊదాను, ఏ చప్పుడూ రాలేదు, కళ్ళమ్మట నీళ్ళు కారిపోతున్నాయి, స్వరం మాత్రం చెదరలేదు, ఎంత గట్టిగా ఊదినా ఆయన ఇంక లేవరు, ఆ రోజు కుక్కర్ కూసినా లేచేవారు కాదు.